గోందర్‌లో వారాలబ్బాయిలు

ఇథియోపియాలో ఉద్యోగం చేశానంటే ఎవరైనా మొదట అడిగేది కరువు గురించే. కాస్త పేపరు చదివే అలవాటున్నవాళ్ళయితే అప్పటి నియంత మెంగిస్తు గురించి కూడా అడుగుతారు. ఆ రెండూ చూశాను, కాదనను. కానీ ఇన్నేళ్ళ తర్వాత నాకు ఎక్కువగా గుర్తొచ్చేది వేరే. అంత యుద్ధంలో, అంత ఆకలిలో, చర్చి ప్రహరీ పక్కన గడ్డి గుడిసెల్లో ఆగకుండా సాగిన చదువు. మా పిల్లలకి ఈ కబుర్లు చాలాసార్లు చెప్పాను. "రాసి పెట్టండి నాన్నా" అన్నారు. వినే ఓపిక అయిపోయి అలా అన్నారేమో కూడా.

1983లో వెళ్ళాను. అక్కడి విద్యాశాఖ మన దేశం నుంచి లెక్కలు, సైన్సు మాస్టర్లని కాంట్రాక్టు మీద తీసుకునేది. చక్రవర్తి హైలె సెలాసీ కాలం నుంచీ ఉన్న అలవాటది. 1974లో ఆయన్ని దించేసిన సైనికాధికారుల కమిటీని అక్కడ దెర్గ్ అంటారు. ఆ దెర్గ్ కూడా మార్క్సూ లెనినూ ఫోటోలు కట్టింది గానీ ఇండియా మాస్టర్లని మానలేదు. వెళ్ళినవాళ్ళలో మలయాళీలు ఎక్కువ, మాలాంటి తెలుగువాళ్ళు అక్కడొకరు ఇక్కడొకరు. నాకు గోందర్ వేశారు. అడిస్ అబాబా నుంచి బస్సులో నీలి నైలు లోయ దిగి, మళ్ళీ ఎక్కి, బహిర్ దార్ మీదుగా చేరేసరికి మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది.

గోందర్ పాత రాజధాని. ఫాసిలిదెస్ చక్రవర్తి 1636లో కట్టించిన ఊరు. నడిబొడ్డున రాతికోటలు, కింద బజారులో ఇటాలియన్లు కట్టిన పోస్టాఫీసు, సినిమాహాలు, చుట్టూ నీలగిరి చెట్లు. ఊళ్ళో 44 చర్చిలు అని వాళ్ళ లెక్క. 1977, 78ల్లో 'ఎర్ర భీభత్సం' పేరుతో దెర్గ్ జరిపించిన హత్యాకాండలో గోందర్ కుర్రాళ్ళు చాలామంది పోయారు. మేం వెళ్ళేసరికి వీధుల్లో శవాలు లేవు, కానీ ఆ మాట ఎత్తితే తోటి టీచర్లు లేచి తలుపు వేసొచ్చేవాళ్ళు. అసలు యుద్ధం ఉత్తరాన, తిగ్రాయ్‌లో, ఎరిత్రియాలో, తిరుగుబాటుదారులతో. మా దగ్గరికి అది లారీల రూపంలో వచ్చేది. నిండా సైనికులతో పైకి పోయేవి, కట్లు కట్టుకున్నవాళ్ళతో కిందికి వచ్చేవి. రాత్రి కర్ఫ్యూ. పంచదారకి కెబెలె కార్డు. కెబెలె అంటే వార్డు కమిటీ అనుకోండి, కాకపోతే తుపాకీ ఉన్న వార్డు కమిటీ.

మొదటి వారంలోనే పొద్దున్నే గేటు దగ్గర ఒక కేక వినపడింది. "సిలె మారియామ్!" మరియమ్మ పేరు మీద అని అర్థం. వెళ్ళి చూస్తే పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాడు. భుజాల మీద గొర్రెతోలు, చేతిలో కర్ర, చంకలో గడ్డితో అల్లిన సంచి. బిచ్చగాడనుకుని చిల్లర ఇవ్వబోతే పక్కింటావిడ కంగారుగా వచ్చి ఆపింది. డబ్బు కాదట, తిండి పెట్టాలట. అతను చర్చి చదువు చదువుకుంటున్న విద్యార్థి. కోలో తెమారి అంటారు. కోలో అంటే వేయించిన బార్లీ గింజలు, దారిలో తినడానికి కట్టుకునేవి. తెమారి అంటే విద్యార్థి.

మా ఆవిడకి ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. వాళ్ళ అమ్మమ్మగారిది కోనసీమలో పల్లెటూరు. ఆ ఇంట్లో వారాలబ్బాయిలు భోంచేసేవాళ్ళు. సోమవారం ఒకింట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో తింటూ వేదపాఠశాలలో చదువుకునే పిల్లలు. "అయితే వీడు మన వారాలబ్బాయి" అని తేల్చేసి లోపలికి వెళ్ళి ఆ పూట చేసిన పులిహోర తెచ్చి ఆ సంచిలో వేసేసింది. పాపం వాడు దాన్ని వాసన చూసిన తీరు నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. అది ఉపవాసం రోజు తిండేనా అని అడిగాడు. మాంసం లేదు, పాలు లేవు, వెన్న లేదు అని చేతులు తిప్పి చెప్పాం. బుధ, శుక్రవారాలూ, ఇంకా పెద్ద పెద్ద ఉపవాసాలూ కలిపితే వాళ్ళకి ఏడాదిలో దాదాపు సగం రోజులు శాకాహారమే. ఆ రోజుల్లో మాకు పండగ. ఏ హోటల్‌కి వెళ్ళినా శనగపిండి షీరో, పప్పు, ఆకుకూర ధైర్యంగా తినొచ్చు.

ఆ కుర్రాడే తర్వాత కొన్నేళ్ళు మా ఇంటికి వచ్చాడు. నన్ను 'మెమ్హిర్' అనేవాడు, మాస్టారు అని. వాళ్ళ గురువుగారిని మాత్రం 'యెనేతా' అనాలి. ఆ పిలుపు అలాంటి గురువులకే. మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నేను వాడికి లెక్కలు చెప్పాలి, వాడు నాకు అక్షరాలు నేర్పాలి. వాళ్ళ లిపి ఫిదెల్‌లో ఒక్కో హల్లుకి ఏడు రూపాలు. మన గుణింతం చదివినవాడికి భయం అక్కర్లేదు. 'హ హు హి హా' అని నేను రాగం తీస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి నవ్వేది. వాడికి బీజగణితం ఎక్కడం చూస్తే నాకు అసూయ వేసేది. ఒకసారి చెప్పిన సూత్రం రెండోసారి చెప్పే పని లేదు. బళ్ళో నా క్లాసులో కూర్చున్న పిల్లల్లో చర్చి చదువు నుంచి వచ్చినవాళ్ళెవరో నేను పేపర్లు దిద్దుతూనే గుర్తుపట్టేవాణ్ణి.

ఆ చదువు ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. మొదట అక్షరాలు, తర్వాత యోహాను మొదటి పత్రిక మీద చదవడం, ఆ తర్వాత దావీదు కీర్తనలు 150 కంఠతా. అదంతా గీజ్ భాషలో. ఎవరింట్లోనూ మాట్లాడని భాష, చర్చిలో తప్ప వినపడని భాష. అక్కడితో ఆపేసినవాడు డీకన్, అంటే పూజలో సహాయకుడు, అవొచ్చు. సాగించాలనుకున్నవాడికి దారులు చీలతాయి. ప్రార్థనా విధానం నేర్పే బడి ఒకటి, పాట నేర్పే బడి ఒకటి. పాటకి మూలపురుషుడు ఆరో శతాబ్దపు యారెద్. ఆయన పేరు మీద మూడు రాగరీతులు, గీజ్, ఎజిల్, అరారాయ్. పెద్ద పాటల పుస్తకం దిగ్వా నేర్చుకునేవాడు దాన్ని స్వయంగా తోలు కాగితం మీద రాసుకోవాలి, అక్షరాల నెత్తి మీద స్వరాల గుర్తులతో సహా. గోందర్‌లో బాఅతా చర్చి దగ్గర అక్వక్వమ్ బడి ప్రసిద్ధి. చేతికర్ర, తాళం, డోలు పట్టుకుని స్తోత్రానికి అడుగులు వేయడం అక్కడ నేర్పుతారు. క్రీస్తు బాప్తిస్మం పండగ తిమ్కెత్‌కి జనవరి 19న ఆ అడుగులు చూశాక నాకు మన భజన గుంపులు చప్పగా అనిపించాయి. మా అన్నయ్య ఇది చదివితే ఒప్పుకోడు.

అన్నిటికంటే పైన వ్యాఖ్యానం బడి. పాత నిబంధన, కొత్త నిబంధన, సభా పితరుల గ్రంథాలు, సన్యాసుల గ్రంథాలు అని నాలుగు శాఖలు. వాళ్ళ బైబిల్లో 81 పుస్తకాలు. హనోకు గ్రంథం మొత్తంగా మిగిలింది వాళ్ళ గీజ్‌లోనే. ఆ వ్యాఖ్యానం పేరు అందెమ్తా. ఒక వచనానికి ఒక అర్థం చెప్పి, ఇంకో అర్థం చెప్పి, ఇంకోటి కూడా చెప్పి ముందుకి పోతారు. ఏది సరైనదో తేల్చమని గురువుని అడిగితే ఆయన చిరాకు పడతాడు. అన్ని శాఖలూ చదవాలంటే పాతికేళ్ళు పడుతుంది, ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

నేను మనసు పారేసుకున్నది కినే బడి దగ్గర. కినే అంటే గీజ్‌లో ఆశువుగా చెప్పే పద్యం. మా వారాలబ్బాయి అప్పటికి ఆ దశలో ఉన్నాడు. ఒక ఆదివారం నన్ను వాళ్ళ యెనేతా దగ్గరికి తీసుకెళ్ళాడు. ఊరి అంచున చర్చి, చుట్టూ పెద్ద చెట్లు, ప్రహరీ ఆనుకుని మనిషి పడుకుంటే కాళ్ళు తలుపుకి తగిలేంత గుడిసెలు. పిల్లలు వాళ్ళ గుడిసెలు వాళ్ళే కట్టుకుంటారు. పొద్దున యెనేతా ఒక నమూనా పద్యం చెప్పి వ్యాకరణం విడదీస్తాడు. పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో బండ మీదికో పొద చాటుకో పోయి పద్యం కట్టుకుంటారు. గొణుక్కుంటూ తిరుగుతుంటే కొత్తవాళ్ళకి పిచ్చోళ్ళలా కనపడతారు. తిరిగొచ్చి వరుసలో నిలబడి గురువుకి అప్పగిస్తే ఆయన అక్కడికక్కడే విరగ్గొట్టి సరిచేస్తాడు. మొదటి మెట్టు గుబాఏ కానా, రెండే పాదాలు. తర్వాత మూడు, అయిదు, ఆరు, ఎనిమిది. ఒకసారి చెప్పిన పద్యం మళ్ళీ చెప్పకూడదు. ఆదివారం పూజలో చెబుతారు, విన్నవాళ్ళు వింటారు, అయిపోయింది. మన అవధానాల్లో పుట్టే పద్యాలనైనా ఎవరో ఒకరు రాసుకుంటారు.

ఆ పద్యానికి ప్రాణం 'మైనం, బంగారం'. కంసాలి మైనంతో నమూనా చేసి దాని మీద మట్టి పూసి బంగారం పోస్తాడు, మైనం కరిగిపోతుంది. పైకి కనపడే అర్థం మైనం, లోపలిది బంగారం. ఇదంతా విన్నాక ఊరుకోలేక, మాకూ ఇలాంటిదుంది, శ్లేష అంటాం అని చెప్పాను. పింగళి సూరన 'రాఘవపాండవీయం' గురించి అక్కడ మాట్లాడే అమ్హారిక్ భాషలో, నాకొచ్చిన విరిగిన ముక్కల్లో వివరించాను. ఒకే కావ్యం, ఒకలా విడదీస్తే రామాయణం, ఇంకోలా విడదీస్తే భారతం. పిల్లలు నోరెళ్ళబెట్టారు. యెనేతా మాత్రం కాసేపు గడ్డం నిమురుకుని ఒకే ప్రశ్న వేశాడు. "అందులో మైనం ఏ కథ, బంగారం ఏ కథ?" నేను ఎమ్మెస్సీ లెక్కల మనిషిని. నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలుగు పండితులు ఇద్దరు ముగ్గురిని అడిగాను. వాళ్ళూ నవ్వేసి ఊరుకున్నారు.

మా స్టాఫ్‌రూమ్‌లో కోట్టయం నుంచి వచ్చిన ఫిజిక్స్ మాస్టారు ఉండేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. మలంకర ఆర్థోడాక్స్ సభ. నేను అచ్చాయన్ అనేవాణ్ణి, ఆయన నన్ను 'మాషే' అనేవారు. ఇథియోపియా సభా, కేరళలో వీళ్ళ సభా, ఈజిప్టు కోప్టులూ, అర్మేనియన్లూ, సిరియన్లూ ఒకే కుటుంబం. 1965 జనవరిలో ఆ సభల పెద్దలందరూ అడిస్ అబాబాలోనే కలిశారు. అందుకని ఆదివారం ఆయన ధైర్యంగా తెల్ల శాలువా కప్పుకుని చర్చికి పోయేవారు. మిగతా విదేశీ టీచర్లు బయట నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే ఆయన లోపల గంటలకొద్దీ నిలబడేవారు. కెబెలె మీటింగులు కావాలనే ఆదివారం పొద్దున పెడుతున్నారని జనం గొణుక్కునే రోజులవి.

అచ్చాయన్‌కి గుడిసె చదువు మీద పెద్ద గౌరవం లేదు. ఆయన మనసంతా అడిస్‌లో ఉన్న హోలీ ట్రినిటీ థియలాజికల్ కాలేజీ మీద ఉండేది. గ్రీకు మూలాలు, సభా చరిత్ర, తత్వశాస్త్రం చెప్పిన కాలేజీ. చక్రవర్తి పేరున్న యూనివర్సిటీలో భాగంగా నడిచింది. కేరళ నుంచి వెళ్ళిన ఫాదర్ వి.సి. శామ్యూల్ లాంటి పండితుడు అక్కడ పాఠాలు చెప్పారు. దెర్గ్ దాన్ని మూసేసింది. దేవుడు లేడని చెప్పే ప్రభుత్వానికి వేదాంత కళాశాలని మూయడం ఎంతసేపు? గేటుకి తాళం, జీతాల పద్దుకి కోత, భవనానికి ఇంకో బోర్డు, అంతే.

గుడిసె బడిని అలా మూయడం కుదరదు. దానికి గేటు లేదు, హాజరు పట్టీ లేదు, బడ్జెట్ లేదు. ఉన్నది ఒక ముసలాయన, ఆయన తలలో ఉన్న గ్రంథాలు, చుట్టూ కూర్చున్న పిల్లలు. నాకు అప్పుడే ఇది తట్టి అచ్చాయన్‌తో అంటే ఆయన ఒప్పుకోలేదు. దీని మీద మేం ఎన్ని సాయంత్రాలు కాఫీ తాగామో. వాళ్ళ పద్ధతిలో కాఫీ అంటే మూడు విడతలు, అబోల్, తోనా, బెరెకా. వాదన తెమలడానికి అదీ చాలేది కాదు.

దెర్గ్‌కి చర్చి మీద చేయి వేయడం తెలియదని కాదు. 1975 మార్చిలో పల్లె భూములన్నీ జాతీయం చేసినప్పుడు చర్చి భూములూ పోయాయి. ఆ పంట మీద బతికిన పాటగాళ్ళు, పండితులు ఒక్కసారిగా చేతులు చాచాల్సి వచ్చింది. 1976లో సభకి పెద్ద అయిన పేట్రియార్క్ అబూనె తెవోఫ్లోస్‌ని పదవి నుంచి లాగేసి జైల్లో పెట్టారు. 1979లో చంపేశారు. ఆయన ఏమయ్యాడో దెర్గ్ పడిపోయాకే బయటికొచ్చింది, 1992లో ఎముకలు తీసి మళ్ళీ మర్యాదగా పూడ్చారు. ఆయన స్థానంలో వచ్చిన అబూనె తెక్లె హైమనోత్ కఠిన సన్యాసి. ప్రభుత్వం చెప్పినట్టు వింటాడని తెచ్చారట, కానీ ఆయన ఉపవాసాలకే జనం దండం పెట్టేవాళ్ళు. 1988లో ఆయన పోయాక పేట్రియార్క్ అయింది మా గోందర్ ఆర్చిబిషప్పు మెర్కోరియోస్. ఊళ్ళో కొందరు సంబరపడ్డారు, కొందరు ఆయన దెర్గ్ పార్లమెంటు సభ్యుడని మూతి ముడిచారు. ఆ మూతి ముడుపు తర్వాత సభనే రెండుగా చీల్చింది. 1991లో ఆయన్ని దించేశారు, అమెరికా వెళ్ళిపోయారు, రెండు సినడ్లు, అంటే బిషప్పుల మండళ్ళు, మళ్ళీ ఒకటయింది 2018లో. అదంతా నేను హైదరాబాద్‌లో కూర్చుని పేపర్లలో చదివాను.

1984 చివర్లో కరువు ముదిరింది. అప్పటికి మూడు నెలల కిందటే అడిస్‌లో విప్లవం పదో వార్షికోత్సవానికి తోరణాలు కట్టి వర్కర్స్ పార్టీ పెట్టుకున్నారు. గోందర్ టౌన్‌లో మాకు కడుపు మాడలేదు, ధర మాత్రం ఆకాశాన్నంటింది. ఇంజెరా అంటే టెఫ్ అనే సన్న గింజల పిండితో వేసే వాళ్ళ అట్టు. టెఫ్ కొనలేక జనం ఇంజెరాలో జొన్న కలిపారు, తర్వాత జొన్నే మిగిలింది. ఆ కాలంలో గేటు దగ్గర కేకల సంఖ్య పెరిగింది, సంచుల్లో పడేది తగ్గింది. పల్లెల్లో గింజలు లేకపోతే పల్లెల మీద బతికే బడి ఎలా నిలుస్తుంది? చుట్టుపక్కల చర్చిల దగ్గరి పిల్లలు టౌన్‌లోకి వచ్చేశారు. యెనేతా ఒక ఏర్పాటు చేశాడు. ఎవరికి దొరికింది వాళ్ళు తినడానికి లేదు. అన్ని సంచులూ ఒకచోట కుమ్మరించాలి, ఎండిన ఇంజెరా ముక్కలు నీళ్ళలో నాన్చి అందరికీ సమానంగా పంచాలి. చిన్నపిల్లలకి ముందు. మా వారాలబ్బాయి ఆ రోజుల్లో మా ఇంట్లో కూర్చుని తినడం మానేశాడు. పెట్టింది సంచిలో వేసుకుని వెళ్ళిపోయేవాడు. మా ఆవిడ కోప్పడి, తర్వాత సంగతి తెలిసి, గిన్నె పెద్దది చేసింది.

ఆకలి కంటే భయం అఫెసా. 1983లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. ప్రతి కెబెలెకీ ఇంతమంది కుర్రాళ్ళని కోటా. కోటా నిండకపోతే సంత రోజున వీధి రెండు చివర్లా అడ్డుపడి దొరికినవాణ్ణి లారీ ఎక్కించేవాళ్ళు. దాన్నే అఫెసా అనేవాళ్ళు, దోసిలితో తోడడం అని. అమ్మా నాన్నా ఊళ్ళో ఉన్న పిల్లల కోసం ఏడ్చి కాళ్ళు పట్టుకోవడానికి మనిషి ఉండేవాడు. కోలో తెమారి కోసం ఎవరున్నారు? వయసు కాగితం లేదు, చిరునామా లేదు. మా వీధి చివర గుడిసెల్లోంచి అలా ఇద్దరిని తీసుకుపోయారు. ఒకడు దిగ్వా సగం రాసుకున్నవాడు. ఆ తోలు కట్ట యెనేతా గుడిసె దూలానికి వేలాడుతుండేది, వాడొస్తే ఇవ్వాలని. నేను ఉన్నంతకాలం అది అలాగే ఉంది.

మా వాడు ఒకసారి తప్పించుకున్న కథ చెప్పేవాడు. చెక్‌పోస్టు దగ్గర పట్టుకున్నారట. "విద్యార్థినంటున్నావు, ఏ బడి?" అన్నాడట సైనికుడు. కినే అన్నాడు వీడు. "అయితే రెండు పాదాలు చెప్పు, ఇప్పుడే." వీడు సైనికుడి మీదే చెప్పాడట. పైకి పొగడ్త, లోపల తిట్టు. ఆ సైనికుడు మొదట పొంగి, రెండు క్షణాలు ఆగి, పగలబడి నవ్వి, పొమ్మని తన్నాడట. అతనూ ఒకప్పుడు గొర్రెతోలు కప్పుకున్నవాడే. ఇందులో నిజమెంతో, మా వాడి అలంకారమెంతో చెప్పలేను. ఆ పద్యం చెప్పరా అంటే మాత్రం చెప్పలేదు. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పకూడదన్నాడు. అదొక్కటి చూసి సగం నమ్మాను.

ఆ గుడిసెల్లో ఒక నియమం ఉండేది. ఏ ఊరివాడివి అని ఎవరినీ అడగకూడదు. అది పాతకాలపు పద్ధతేనట. పిల్లలు ఇంట్లోంచి చెప్పకుండా చదువుకి పారిపోయి వస్తారు, తల్లిదండ్రులు వెతుక్కుంటూ వస్తే దొరక్కూడదు. అందుకే దూరం పోతారు. పక్క రాష్ట్రం గోజ్జాంవాడు గోందర్‌కి, గోందర్‌వాడు గోజ్జాంకి, తిగ్రాయ్ వాడు రెండు చోట్లకీ. ఆ నియమమే యుద్ధంలో పిల్లల ప్రాణం కాపాడింది. మా వాడి పక్క గుడిసె కుర్రాడు తిగ్రాయ్ వాడని యాసని బట్టి మా పనిమనిషి కూడా కనిపెట్టింది. అప్పటికి తిగ్రాయ్ అంటే వెయానె, తిరుగుబాటుదారు, అని ముద్ర. అయినా కెబెలె మనిషి వచ్చి అడిగితే యెనేతా చెప్పిన జవాబు అందరికీ ఒకటే. "నా దగ్గర పద్యం పాదాల లెక్కుంది, ఊళ్ళ లెక్క లేదు." ఆ ముసలాయనకి కెబెలె అంటే భయం లేదని కాదు. వాళ్ళు వెళ్ళాక ఆయన చేతులు వణకడం మా వాడు చూశాడు.

1989 ఫిబ్రవరిలో షిరే దగ్గర ప్రభుత్వ సైన్యం ఓడిపోయి తిగ్రాయ్ మొత్తం వదిలేసి వచ్చేసింది. యుద్ధం మా రోడ్డు మీదికి వచ్చినట్టయింది. మే నెలలో జనరళ్ళు మెంగిస్తు మీద తిరగబడి ఓడిపోయారు. బళ్ళో పరీక్షలు జరిగాయో జరిగాయనిపించారో తెలీదు. ఆ వేసవిలో నా కాంట్రాక్టు ముగిసింది, మళ్ళీ పొడిగించమని అడగలేదు. పిల్లలు చిన్నవాళ్ళు, మా నాన్నగారి ఆరోగ్యం బాలేదు, మా ఆవిడకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వెళ్ళేముందు యెనేతాకి దండం పెట్టడానికి వెళ్ళాను. ఆయన దీవించి, సూరన సంగతి తేలిందా అని అడిగాడు.

1991 మార్చిలో గోందర్ తిరుగుబాటుదారుల చేతికి వచ్చింది, మే 21న మెంగిస్తు జింబాబ్వే పారిపోయాడు, 28న అడిస్ పడింది. హోలీ ట్రినిటీ కాలేజీ మళ్ళీ తెరుచుకుంది. మా వాడి దగ్గర నుంచి 1990ల్లో ఒక ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషులో, చక్కటి వ్యాకరణంతో. వ్యాఖ్యానం బడిలో ఉన్నాననీ, లెక్కలు మర్చిపోలేదనీ రాశాడు. నేను రాసిన జవాబు అందిందో లేదో. తర్వాత ఉత్తరాల్లేవు.

2000 దాటాక మనవాళ్ళు ఇథియోపియా యూనివర్సిటీలకి లెక్చరర్లుగా బాగా వెళ్ళారు. మా తోడల్లుడి కొడుకు గోందర్‌లోనే కొన్నేళ్ళు పాఠాలు చెప్పాడు. పిల్లలు ఇంకా వస్తున్నారు పెదనాన్నా, గడ్డి సంచి బదులు ప్లాస్టిక్ డబ్బాలు, కొందరి దగ్గర గురువు పాఠం రికార్డు చేసుకునే ఫోన్లు కూడా ఉన్నాయి అన్నాడు. 2020 నవంబరులో తిగ్రాయ్‌లో మళ్ళీ యుద్ధం మొదలైనప్పుడు రోజూ వార్తలు చూశాను. ఆ నెలాఖరున అక్సుమ్‌లో వందలమంది మామూలు జనాన్ని, అప్పటికి వేరే దేశమైపోయిన ఎరిత్రియా సైనికులు చంపేశారు. మరియం జియోను చర్చి ఉన్న ఊరది, వాళ్ళకి కాశీ లాంటిది. పక్క గుడిసెలో ఉన్న ఆ తిగ్రాయ్ కుర్రాడు బతికుంటే అప్పటికి యాభై దాటి ఉంటాడు, ఏ చర్చిలోనో యెనేతా అయి ఉంటాడు. 2022 నవంబరులో ప్రిటోరియాలో ఒప్పందం కుదిరింది. ఆ మరుసటేడే అమ్హారా ప్రాంతంలో, గోందర్ చుట్టుపక్కలే, ఇంకో పోరు మొదలైంది. ఈసారి చీలిక చర్చిలోకీ పాకింది. తిగ్రాయ్ బిషప్పులు వేరుకుంపటి పెట్టుకున్నారు. ఏ ఊరివాడివని అడక్కూడదన్న మనిషి శిష్యుల్లోనే ఎవరెవరు ఎటున్నారో అనుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

అచ్చాయన్ కోట్టయంలోనే ఉన్నారు, తొంభైకి దగ్గర పడ్డారు. మొన్న క్రిస్మస్‌కి ఫోన్ చేసి ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పాను. గుడిసె బడిని ఎవరూ మూయలేకపోయారన్న నా పాత పాట ఎత్తుకోగానే మధ్యలోనే అడ్డుకున్నారు. "మాషే, మూయలేకపోయారు సరే. అందులోంచి లారీ ఎక్కించిన వాళ్ళని లెక్కేశారా? కాలేజీలో హాజరు పట్టీ ఉంటుంది. ఒకడు రాకపోతే ఏమయ్యాడని అడగడానికి పేరైనా ఉంటుంది. మీ గుడిసెలో పోయినవాడికి పేరు కూడా లేదు. మీవాణ్ణి అక్కడ చేర్పించేవాళ్ళా?"

చేర్పించేవాణ్ణి కాదన్నాను. "మరి?" అన్నారు. యెనేతా అయితే నీకు రెండు పాదాల్లో జవాబు చెప్పేవాడు అన్నాను. "గీజ్‌లో చెబితే ఇద్దరికీ అర్థం కాదు" అని నవ్వి, ఈసారి మోకాళ్ళ ఆపరేషన్ సంగతి ఎత్తుకున్నారు.